పేర్లు ఎందుకు తెగాయి?

(మైలవరంలో జరిగిన సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



మేము వసూళ్ళ గురించి మాట్లాడతామని చాలామంది అనుకుని ఉంటారు. ఆ లెక్క కోశాధికారి అక్క చదివేసింది, దాంట్లో మేము కలిపేది ఏమీ లేదు. మమ్మల్ని చెప్పమన్నది కిందటేడు జాబితా గొడవ గురించి. ఆ గొడవలో ఇబ్బంది పడ్డవాళ్ళు మా సంఘంలోనే ముగ్గురున్నారు. మిగతా ఊళ్ళలోనూ ఉన్నారని తర్వాత తెలిసింది. మా సంఘంలో పదో తరగతి దాటి చదివినవాళ్ళం ఎవరమూ లేము. కంప్యూటర్ సంగతి మేము చెప్పడమేంటని ముందు వద్దన్నాం. కానీ నాలుగు నెలలు దాని చుట్టూనే తిరిగాం కాబట్టి, మాకు అర్థమైనంత మన మాటల్లో చెబుతాం. ఎక్కడైనా తప్పితే ఆఫీసులో కంప్యూటర్ చూసే అమ్మాయి ఇదిగో ఇక్కడే కూర్చుంది, సరిచేస్తుంది.

జరిగింది ఇది. వాయిదాలు తప్పకుండా కట్టినవాళ్ళకి తిరిగి రావాల్సిన వడ్డీ డబ్బు ఒకటుంది. అది సంఘం ఖాతాలో కాకుండా నేరుగా సభ్యురాలి ఖాతాలోనే పడాలి. మా సంఘంలో పది మందిమి. పది మందిమీ ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాం, తీర్మానాల పుస్తకంలో రాసి ఉంది. ఏడుగురికి పడింది. ముగ్గురికి పడలేదు.

ఆ ముగ్గురిలో ఇద్దరు తోడికోడళ్ళు. ఆ ఇంటి కోడళ్ళు ముగ్గురూ మా సంఘంలోనే ఉన్నారు, కాపురాలు వేరు, రేషన్ కార్డులు వేరు. పెద్దామెకి డబ్బు పడింది. రెండో ఆమెకి, మూడో ఆమెకి పడలేదు. ఎందుకు పడలేదని అడగడానికి మేము వెళితే, జాబితా చూసే ఆయన "ఒకే పేరు మూడుసార్లు రాశారమ్మా, రెండు కొట్టేశాం" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "దొంగ పేర్లు రాస్తే ఇంకోసారి మీ సంఘాన్నే పక్కన పెడతాం" అని కూడా అన్నాడు. ఆ మాట మాకంటే ముందు ఊళ్ళోకి వచ్చేసింది. రెండో ఆమె మూడు వారాలు మీటింగుకి రాలేదు. పొదుపు డబ్బు మాత్రం పిల్లతో పంపించింది. పెద్దామె మీద అనుమానం వచ్చింది ఆమెకి, తన పేరు ఒక్కటే ఉంచమని పెద్దామె ఎవరికో చెప్పి రాయించుకుందని. ఒకే వాకిట్లో ఉండే ఇద్దరికి మాటల్లేకుండా పోయాయి.

మూడో మనిషి వేరే ఇంటి అక్క. ఆమె అసలు పేరు ఇక్కడ చెప్పం, అలాంటిదే ఇంకో పేరు చెబుతాం. వెంకటేశ్వరమ్మ అనుకోండి. ఆమె డబ్బు బ్యాంకు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కారణం అడిగితే పేరు కలవలేదన్నారు. పాస్‌బుక్‌లో ఆడమనిషి పేరుంది, జాబితాలో మగమనిషి పేరుందట. కాగితం తీసి చూపించారు. ఆ కాగితం మీద "వెంకటేశ్వర" అని ఉంది. అమ్మ పోయింది. ఆ అక్క నవ్వాలో ఏడవాలో తెలియక, "మా ఆయన పేరు కూడా అది కాదు కదే" అంది.

అప్పటిదాకా మేము అనుకున్నది ఎవరో టైపు చేసేటప్పుడు తప్పు కొట్టారని. ఆఫీసుకి వెళ్ళి మా అమ్మాయిని కంప్యూటర్‌లో తీసి చూపించమన్నాం. పది పేర్లూ శుభ్రంగా, పూర్తిగా ఉన్నాయి. ముగ్గురు తోడికోడళ్ళ పేర్లూ ఇంటిపేరుతో సహా వేరువేరుగా ఉన్నాయి. వెంకటేశ్వరమ్మలో అమ్మ ఉంది. మరి బ్యాంకుకి వెళ్ళిన దాంట్లో ఎందుకు లేదు? ఇక్కడ ఉన్నది అక్కడికి చేరేలోపు ఏదో జరిగిందన్నమాట. ఆ ఏదో ఏంటో తేల్చడానికే మాకు నాలుగు నెలలు పట్టింది.

మన పేర్లు, నంబర్లు ఉండే చోటుని డేటాబేసు అంటారు. అందులోంచి బ్యాంకుకి పంపడానికి ఒక ఫైలు తీస్తారు. ఆ ఫైల్లో గీతలు ఉండవు, కామాలు ఉండవు. ఒక సభ్యురాలికి ఒక వరస. వరసలో గదులు లెక్కపెట్టి ఉంటాయి. మా ఫైల్లో మొదటి 12 గదులు సభ్యురాలి నంబరు. 13 నుంచి 42 దాకా, అంటే 30 గదులు పేరు. 43 నుంచి 57 దాకా 15 గదులు ఖాతా నంబరు. ఆ తర్వాత డబ్బు వగైరా. పేరు చిన్నదైతే మిగిలిన గదులు ఖాళీగా వదలాలి. అవతలి కంప్యూటర్ ఏదీ చదివి అర్థం చేసుకోదు, గదులు లెక్కపెట్టుకుని 43వ గది దగ్గర మొదలుపెట్టి 15 గదులు తీసుకుంటుంది, అదే ఖాతా నంబరు అనుకుంటుంది. మన పొదుపు పుస్తకంలో అచ్చు వేసిన గళ్ళ లాంటిదే, గీతలు కనపడవు అంతే.

అంకెలతో గొడవ లేదు. ఆధార్ అందరికీ 12 అంకెలే, ఫోను నంబరు 10 అంకెలే, బ్యాంకు బ్రాంచికి ఉండే ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఎక్కడైనా 11. ఎన్ని గదులు కావాలో ముందే తెలుసు. పేరు అలా కాదు. అందులోనూ తెలుగు పేరు అసలే కాదు. ఎందుకో చెబుతాం.

మన మామిడి సంగతి చూడండి. ఒక పెట్టెలో చిన్నరసాలు ఎన్ని పడతాయో బంగినపల్లి అన్ని పడవు. "పెట్టెకి ముప్పై కాయలు" అని రాసినవాడు చిన్నరసం కాయని చూసి రాశాడు. మనం బంగినపల్లి తీసుకెళ్ళాం. పట్టనివి తీసి పక్కన పడేశారు.

కంప్యూటర్‌లో గదికి బైటు అని పేరు. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి ఒక్క గదిలో కూర్చుంటుంది. తెలుగు అలా కాదు, ఒక్కో గుర్తుకి మూడు గదులు కావాలి. గుర్తు అంటే మన కంటికి కనపడే అక్షరం కాదు, అది జాగ్రత్తగా వినాలి. మనం "మై" అని ఒక్క అక్షరంగా రాస్తాం. కంప్యూటర్‌కి అది మ ఒకటి, ఐత్వం ఒకటి, రెండు గుర్తులు. సున్నా వేరే గుర్తు. మన ఊరి పేరే లెక్కపెట్టండి. మైలవరం. కంటికి నాలుగు అక్షరాలు: మై, ల, వ, రం. కంప్యూటర్‌కి ఆరు గుర్తులు: మ, ఐత్వం, ల, వ, ర, సున్నా. ఆరు మూళ్ళు పద్దెనిమిది గదులు. ఇంగ్లీషులో రాస్తే తొమ్మిది అక్షరాలు, తొమ్మిది గదులు. చూడ్డానికి తెలుగులోనే పొట్టిగా ఉంటుంది, కానీ లోపల ఇంగ్లీషుకి రెట్టింపు చోటు తింటుంది.

వత్తు ఉంటే ఇంకా ఎక్కువ. శ్వ అన్నది శ ఒకటి, పొల్లు ఒకటి, వ ఒకటి. ఆ ఒక్క అక్షరానికే తొమ్మిది గదులు. వెంకటేశ్వరమ్మ కంటికి ఆరు అక్షరాలు, లోపల 13 గుర్తులు, 39 గదులు. ఉన్నవి ముప్పై. మొదటి పది గుర్తులతో ముప్పై గదులూ నిండిపోతాయి. అవి సరిగ్గా "వెంకటేశ్వర" దగ్గర నిండాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు, లెక్క అక్కడ తెగింది. నాగలక్ష్మి అన్న పేరున్నవాళ్ళు అదృష్టవంతులు. అది సరిగ్గా పది గుర్తులు, అంచు దాకా నిండుతుంది, ఒలకదు. సీతామహాలక్ష్మి అయితే "సీతామహాలక్" అని మిగులుతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆఫీసులో అందరం నవ్వాం. డబ్బు రాని అక్క మాత్రం నవ్వలేదు.

ఇప్పుడు తోడికోడళ్ళ సంగతి మీకే అర్థమై ఉంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. కొంతమందికి ఇంటిపేరు లేకుండా ఎక్కించారు, వాళ్ళు బతికిపోయారు. వీళ్ళ ముగ్గురికీ ఇంటిపేరుతో ఎక్కించారు. వాళ్ళ ఇంటిపేరు కూడా వేరే పెట్టి చెబుతాం, గోపిశెట్టి అనుకోండి. వేళ్ళ మీద లెక్కపెట్టండి. గ, ఓత్వం, ప, గుడి, శ, ఎత్వం, ట, పొల్లు, ట, గుడి. పది. ముప్పై గదులూ ఇంటిపేరుకే సరిపోయాయి. అసలు పేరుకి ఒక్క గది కూడా మిగల్లేదు. జాబితాలో ముగ్గురూ "గోపిశెట్టి", "గోపిశెట్టి", "గోపిశెట్టి". చూసినవాడు ఒకే పేరు మూడుసార్లు రాశారనుకున్నాడు. సభ్యురాలి నంబర్లు వేరు, ఖాతా నంబర్లు వేరు, ఆ రెండూ చూసి ఉంటే తెలిసేది. పేరు ఒక్కటే చూశాడు.

దీనికంటే ముందు ఇంకొకటి జరిగిందట, అది మాకు ఆఖర్న తెలిసింది. మనకి డబ్బు పంపిన ఫైలు రెండోది. మొదటి ఫైలు మొత్తానికి మొత్తం వెనక్కి వచ్చింది. ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు 30 అంటే 30 గుర్తులు అనుకున్నారు. చదివే కంప్యూటర్ 30 అంటే 30 గదులు అనుకుంది. వెంకటేశ్వరమ్మకి 13 గుర్తులు కదా, 17 ఖాళీలు కలిపి ముప్పై చేసి పంపారు. వాళ్ళ లెక్కకి సరిగ్గా ఉంది. గదుల్లో చూస్తే పేరుకి 39, ఖాళీలకి 17, మొత్తం 56. ముప్పై ఉండాల్సిన చోట యాభై ఆరు. ఆ వరసలో తర్వాత ఉన్నవన్నీ 26 గదులు పక్కకి జరిగిపోయాయి. రమ అని చిన్న పేరుంటే నాలుగు గదులే జరిగాయి. ఒక్కో వరస ఒక్కో రకంగా జరిగింది. మా అమ్మాయి ఆ పాత ఫైలు తీసి, గళ్ళ నోటుపుస్తకంలో ఒక్కో గడిలో ఒక్కో గది చొప్పున మాకు రాసి చూపించింది. వెంకటేశ్వరమ్మ వరసలో 43వ గడి దగ్గర, ఖాతా నంబరు మొదలవ్వాల్సిన చోట, "మ్మ" అని ఉంది. రెండో ఫైల్లో పోయిన ఆ "మ్మ"నే మొదటి ఫైల్లో ఖాతా నంబరు గళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. ఆ పుస్తకం మేము ఇవాళ తెచ్చాం, భోజనాల దగ్గర చూడండి.

మొత్తం వెనక్కి రావడం ఒక రకంగా మంచిదే అయింది. ఖాతా నంబరు చోట అంకెలు లేకపోయేసరికి అవతల కంప్యూటర్ ఒప్పుకోలేదు. పొరపాటున ఏవో అంకెలు కుదిరి ఉంటే ఎవరి డబ్బు ఎవరికి పోయేదో. వెనక్కి వచ్చాక వాళ్ళు హడావుడిగా సరిచేశారు, ఎలాగంటే పేరుని ముప్పై గదుల దగ్గర కత్తిరించేశారు. వరసలు తిన్నగా వచ్చాయి. ఫైలు తీసుకున్నారు. పని అయిపోయిందనుకున్నారు. మాకు అన్నిటికంటే కోపం వచ్చింది ఇక్కడ. వరస తిన్నగా ఉందా లేదా చూశారు, మనిషి ఉందా లేదా చూడలేదు.

కత్తిరించడంలో ఇంకో రకం కూడా ఉంది. పేరు ముందు పొడి అక్షరం పెట్టి చుక్క, ఖాళీ ఇస్తాం కదా, పి. వెంకటేశ్వరమ్మ అని. ఆ చుక్క, ఆ ఖాళీ ఒక్కో గదివి. అప్పుడు ముప్పై గదుల దగ్గర కోస్తే కత్తి గుర్తు మధ్యలో పడుతుంది. మూడు గదుల గుర్తులో ఒక్క గది ఇటు, రెండు అటు. సగం ముక్కలైన ఆ గుర్తుని ఏ కంప్యూటరూ చదవలేదు. "పి. వెంకటేశ" అని వచ్చి చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది. మీలో కొంతమంది స్లిప్పుల మీద అది వచ్చిందని చెప్పారు. అది దిష్టిబొమ్మ కాదు, మన అక్షరం ముక్క.

ఈ గదుల పద్ధతి ఎవరు పెట్టారని అడిగాం. అమ్మాయి చెప్పింది. 1928లో అమెరికాలో ఐబీఎం కంపెనీ వాళ్ళు 80 నిలువు వరసల అట్టకార్డు తెచ్చారు. కార్డు మీద చిల్లులు పొడిచి లెక్కలు దాచేవారు, ఒక్కో వరసలో ఒక్కో అక్షరం. అట్ట ముక్క ఎంతుంటే అంతే, పెరగదు. కాబట్టి పేరుకి ఇన్ని, ఊరికి ఇన్ని అని పంచుకున్నారు. కార్డులు పోయాయి, అలవాటు ఉండిపోయింది. అమెరికాలో జీతాలు ఖాతాల్లో వేసే ఫైల్లో ఈనాటికీ వరసకి 94 గదులు, మనిషి పేరుకి 22. వాళ్ళ అక్షరానికి ఒక్క గది చాలు కాబట్టి వాళ్ళకి నడిచిపోతోంది.

తెలుగుకి మూడు గదులు ఎందుకంటే, ఇప్పుడు ప్రపంచంలో ఉన్న అన్ని లిపులకీ కలిపి యూనికోడ్ అని ఒకే పెద్ద వరస ఉంది. అందులో మన తెలుగు 3072వ నంబరు దగ్గర మొదలవుతుంది. ముందున్నవాళ్ళు ఇంగ్లీషు వాళ్ళు. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అని ఇద్దరు ఆ నంబర్లని గదుల్లో పెట్టే పద్ధతి రాశారు, దాని పేరు యూటీఎఫ్-8. చిన్న నంబర్లకి ఒక గది, ఇంకొంచెం పెద్దవాటికి రెండు, తెలుగు, హిందీ, తమిళం ఉన్న చోటికి మూడు. గ్రీకు, రష్యన్, అరబ్బీ వాళ్ళకి రెండు. మన పొదుపు సంఘాలకి బ్యాంకు అప్పులు ఇప్పించడం నాబార్డు 500 సంఘాలతో మొదలుపెట్టింది కూడా ఆ 1992లోనే. అప్పుడు ఈ రెండూ ఇలా ఒకచోట కలుస్తాయని ఎవరనుకున్నారు! అంతకు ముందు ఏడాది, 1991లో, మన దేశం వాళ్ళే ఇస్కీ అని ఒక పద్ధతి పెట్టారు. దాంట్లో మన గుర్తుకి ఒక్క గదే. ఆ లెక్కన వెంకటేశ్వరమ్మ ముప్పై గదుల్లో హాయిగా పట్టేది. కానీ దాంట్లో ప్రపంచంలో మిగతా భాషలు పట్టవు, అందుకని అది వెనకబడింది. మేము యూనికోడ్‌ని తప్పుపట్టం. మన ఫోన్లలో తెలుగు మెసేజ్ ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి చక్కగా వెళుతోందంటే అది దాని పుణ్యమే. విజయవాడలో ఫ్లెక్సీలు, పుస్తకాలు వేసేచోట అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల పిచ్చిరాతగా కనపడుతుంది. మా ఊరి సంఘం బ్యానరుకి అలా రెండుసార్లు తిరిగాం.

మన అక్షరాలు గుర్తులు గుర్తులుగా కలిసి ఒకటవుతాయి కాబట్టి పెద్ద కంపెనీలకి కూడా తిప్పలే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక తీరులో మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో ఆ యాప్ ఆగిపోయేది. అదే నెలలో ఆపిల్ వాళ్ళు సరిచేసి పంపించారు. ఇది విని మా సంఘంలో ఒక చెల్లి, "ఐఫోన్ వాడికి నెలలో అయింది, మనకి నాలుగు నెలలా" అంది. అడగాల్సిన మాటే.

సరే, కారణం తెలిసింది. ఏం చేయాలన్న దగ్గర మాలో మాకే పేచీ వచ్చింది. ఒకాయన మాకు చెప్పిన సలహా ఏంటంటే, "పేరు చిన్నది పెట్టుకోండమ్మా, ఏముంది, వెంకమ్మ అని రాయండి." యాభై ఏళ్ళు మోసిన పేరు గదులు చాలవని మార్చుకోవాలా? మారిస్తే ఆధార్‌తో కలవదు, పాస్‌బుక్‌తో కలవదు. ఇంకొకరు ఇంటిపేరు తీసేయమన్నారు. అప్పుడు మండలంలో ఎంతమంది లక్ష్మిలు అవుతారు? గదులు పెంచమని మేము అడిగాం. ముప్పై బదులు తొంభై చేస్తే 30 గుర్తులు పడతాయి, మన పేర్లు చాలావరకు సరిపోతాయి. అవతలివాళ్ళు, ఆ కొలత అందరికీ ఒకటే, మీ ఒక్కరి కోసం మార్చలేం అన్నారు. కామాలతో విడదీసే ఫైలు పంపుతామన్నా తీసుకోమన్నారు.

ఇక మిగిలింది మొత్తం ఇంగ్లీషులో ఎక్కించేయడం. చదువుకున్న పిల్లలందరూ ఇదే అన్నారు. మాలో కూడా సగం మంది ఒప్పుకున్నారు. మేము ఒప్పుకోలేదు. దానికి కారణం అభిమానం ఒక్కటే కాదు. ఇంగ్లీషులో లక్ష్మిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. పాస్‌బుక్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే చేతులెత్తితే తెలుస్తుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మన సభ్యుల్లో తెలుగు కూడబలుక్కుని చదివేవాళ్ళు చాలామంది, ఇంగ్లీషు చదివేవాళ్ళు తక్కువ. జాబితా ఇంగ్లీషులో గోడకి అంటిస్తే తన పేరు ఉందో లేదో, తెగిందో లేదో ఆమె చూసుకోలేదు. "ఉందమ్మా" అని ఎవరో చెబితే నమ్మాలి. కిందటేడు జాబితా తెలుగులో ఉండబట్టే "అమ్మ పోయింది" అని ఆ అక్క తనే పట్టుకుంది. ఇంగ్లీషులో అయితే ఇంకో ఏడాది తెలిసేది కాదు.

చివరికి మేము రాసి ఇచ్చిన అర్జీలో ఏముందో చెబుతాం. డేటాబేసులో తెలుగు పేరు పూర్తిగా ఉండాలి, దాన్ని ఎవరూ కుదించకూడదు. అక్కడ కూడా ఒక మెలిక ఉందని అమ్మాయి చెప్పింది. ఒరాకిల్ అనే డేటాబేసులో 30 అని రాస్తే మామూలుగా 30 గదులని అర్థం, మైఎస్‌క్యూఎల్ అనే దాంట్లో 30 గుర్తులని అర్థం. కాబట్టి గదులా, గుర్తులా అన్నది కాగితం మీద రాసుకుని రెండువైపులా సంతకాలు పెట్టుకోవాలి. బ్యాంకుకి వెళ్ళే ఫైల్లో పేరు ఇంగ్లీషులో వెళ్ళనివ్వండి, కానీ పాస్‌బుక్ మొదటి పేజీలో ఎలా ఉందో అక్షరం తప్పకుండా అలాగే. మనిషిని గుర్తుపట్టేది సభ్యురాలి నంబరు, ఖాతా నంబరు రెండూ కలిపి, పేరుని బట్టి ఎవరినీ కొట్టేయకూడదు. ఏ పేరైనా గదుల్లో పట్టకపోతే ప్రోగ్రాము దానంతట అది కోయకూడదు, ఆ పేర్లు వేరే కాగితం మీద తీసి గ్రామ సంఘానికి పంపాలి. తప్పనిసరై కోయాల్సి వస్తే పూర్తి అక్షరం దగ్గర కోయాలి, వత్తు మధ్యలో, గుర్తు మధ్యలో కాదు. ఫైలు తీసిన తర్వాత అదే ఫైలుని మళ్ళీ గదుల ప్రకారం చదివి, డేటాబేసులో ఉన్నదానితో పోల్చి చూడాలి. ఈ ఆఖరి పని మొదటే చేసి ఉంటే రెండు తప్పులూ ఆఫీసు గడప దాటేవి కావు. పది నిమిషాల పని అది.

ప్రయత్నం చేసేటప్పుడు రమ, సీత అని చిన్న పేర్లతో చేసి బాగుందంటారు. మేము మా మండలంలో అన్నిటికంటే పొడుగు పేర్లు, వత్తులు ఎక్కువున్న పేర్లు, పొడి అక్షరాలున్న పేర్లు ఏరి, వాటితో ముందు చేయించాం. తోడికోడళ్ళు ముగ్గురూ దగ్గర కూర్చుని చూశారు. ముగ్గురి వరసలూ వేరువేరుగా వచ్చాయి. అమ్మాయి గళ్ళ పుస్తకంలో రాస్తుంటే రెండో ఆమె వేలు పెట్టి 43వ గడి దాకా తనే లెక్కపెట్టింది. పెద్దామె పక్కనుంచి "ఇప్పుడైనా నమ్ముతావా" అంది. ఆమె ఏమీ అనలేదు, కానీ ఆ రోజు ఇద్దరూ ఒకే ఆటోలో ఇంటికి వెళ్ళారు.

వెంకటేశ్వరమ్మ అన్నాం కదా, ఆ అక్కకి డబ్బు పడింది. రెండో కోడలికి పడింది. మూడో కోడలికి ఇంకా పడలేదు. ఆమె ఖాతా పెళ్ళికి ముందు తెరిచింది, పాస్‌బుక్‌లో పుట్టింటి ఇంటిపేరుంది. అది గదుల గొడవ కాదు, దానికి వేరే అర్జీ పెట్టాం. దొంగ పేర్లని అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు కాగితం ఇమ్మని అడిగాం, అదీ ఇంకా రాలేదు. రెండూ తీర్మానాల పుస్తకంలో పెండింగు కింద రాసి ఉన్నాయి, వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతాం.

వచ్చే జాబితా బ్యాంకుకి పంపడానికి వారం ముందు ప్రతి గ్రామ సంఘం గోడ మీద తెలుగులో అంటిస్తారు. పక్కనే ఇంగ్లీషు పేరు, ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు ఉంటాయి. మీ పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు తెచ్చుకోండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు అది కూడా తెచ్చుకోండి, అక్షరాలు చిన్నవిగా ఉంటాయట. పేరు చివర డైమండు గుర్తు కనపడితే వీఓఏకి అప్పుడే చూపించండి.